కార్మిక ప్రాతినిధ్యము: సంయుక్త అరబ్బు ఎమిరేట్లు

సంయుక్త అరబ్బు ఎమిరేట్ల యందు కార్మిక సంఘమును స్థాపించుటకు గాని, సమ్మె చేయుటకు గాని పనివారికి శాసనము హక్కు నొసగలేదు. ఈ విషయమున ప్రభుత్వోద్యోగికిని ప్రైవేటు కంపెనీ కూలికిని, ఆ దేశపు పౌరునికిని పరదేశి యగు శ్రామికునికిని భేదము లేదు. సంఘము లేని చోట పనివాని పక్షమున ఎవరు మాటలాడవలెను, ఎవరి యెదుట మాటలాడవలెను, ఆ మాటకు చెల్లుబడి యెంత అను ప్రశ్నలు ఈ వ్యాసమునకు విషయములు.

తెలంగాణమున వలసను గూర్చి ముచ్చటించునపుడు ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అని మూడు పేరులను ఒక్క ఊపిరితో చెప్పుట వాడుక. బ్రతుకుదెరువు కొరకు ఇల్లు విడిచినవానికి మూడును గమ్యస్థానములే. కాని బొగ్గుబాయికిని దుబాయికిని నడుమ ఒక పెద్ద అంతరము కలదు. సింగరేణి గనులలో బొగ్గు త్రవ్వు అన్న రహస్య ఓటుతో తన సంఘమును ఎన్నుకొనుచుండగా, దుబాయిలో ఇనుపకమ్మి కట్టు తమ్మునికి అట్టి ఓటు లేదు. ఒకే యింటి బిడ్డలకు రెండు విధముల పౌరత్వము కాదు గాని, రెండు విధముల శ్రామికత్వము ప్రాప్తించినది. తెలుగు పాఠకునకు ఈ విషయము పరాయిది కాకపోవుటకు ఇదియే హేతువు.

రక్షణము, ప్రాతినిధ్యము

పనివానిని కాపాడుట వేరు, పనివాని పక్షమున నిలిచి మాటలాడుట వేరు. వేళకు జీతము, మండుటెండలో విశ్రాంతి, గాయపడినచో వైద్యము మొదలగునవి రక్షణము క్రిందికి వచ్చును. వీనిని దయగల యజమాని యైనను, సమర్థమైన ప్రభుత్వమైనను చేకూర్పవచ్చును. ప్రాతినిధ్యమునకు అది చాలదు. అందుకు పనివారు తాముగా ఒకనిని ఎన్నుకొనవలెను. ఎన్నికైనవాడు వారికే జవాబుదారి కావలెను. మాటలాడినందుకు అతని ఉద్యోగమునకు ముప్పు రాకూడదు. ఈ రెండింటిని ఒకటిగా తలచుట వలననే ఎమిరేట్లను గూర్చిన చర్చలో పొగడువారును తెగడువారును తరచుగా ఒకరి మాట ఒకరికి అందకుండ వాదించుచున్నారు.

ప్రభుత్వ రంగమున ఈ వివాదము మరింత చిక్కుబడినది. ప్రైవేటు యజమాని యెదుట సంఘము నిలిచినపుడు తగవు లాభములో వాటాను గూర్చినది. ప్రభుత్వము నెదుట నిలిచినపుడు పన్ను కట్టు ప్రజ, సేవ పొందు ప్రజ మూడవ పక్షమై నడుమ నిలుచును. కార్మికులకు మిత్రుడని పేరు పడిన అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు సైతము సామూహిక బేరమును ఉన్నదున్నట్లు ప్రభుత్వ కొలువులోనికి తెచ్చుటకు వీలుకాదని 1937లో అభిప్రాయపడెను. 1981లో అదే దేశమున రీగను ప్రభుత్వము సమ్మె చేసిన విమాన నియంత్రణోద్యోగులను 11 వేలకు పైగా తొలగించెను. అంతర్జాతీయ కార్మిక సంస్థ మాత్రము 1978 నాటి 151వ ఒడంబడికలో ప్రభుత్వోద్యోగులకును సంఘముగా కూడు హక్కును గుర్తించెను. మన దేశమున సుప్రీంకోర్టు 2003 ఆగస్టులో టి. కె. రంగరాజన్ కేసున ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేయు హక్కు ప్రాథమికముగా గాని, శాసనరీత్యా గాని, నైతికముగా గాని లేదని తీర్పు చెప్పెను. ఐనను వారి సంఘములు నిలిచియే యున్నవి. సమ్మె హక్కును నిరాకరించుట, సంఘమునే నిరాకరించుట అనునవి రెండు వేర్వేరు మెట్లు. ఎమిరేట్లు రెండవ మెట్టున నున్నవి.

తెలుగువారిలో ఈ చర్చను అందరికంటె లోతుగా నడిపినవారు వరాహగిరి వేంకటగిరి. 1894లో బరంపురమున తెలుగు కుటుంబమున జన్మించి, బెంగాలు–నాగపూరు రైల్వే కార్మికుల సంఘమును పెంపొందించి, 1927లో జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెడలిన గిరి, 1952లో కేంద్ర కార్మిక మంత్రియై, బ్యాంకు ఉద్యోగులకు అనుకూలముగా వచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954లో ఆ పదవిని త్యజించిరి. పైనుండి దిగివచ్చు తీర్పు కంటె ఇరుపక్షములు ఎదురెదురుగా కూర్చుండి కుదుర్చుకొనిన ఒప్పందమే మేలనియు, తీర్పునకు అలవాటుపడిన కార్మికుడు తన సంఘబలమును మరచుననియు ఆయన దృఢముగా నమ్మిరి. కార్మిక సంబంధముల చరిత్రలో దీనికి ‘గిరి పద్ధతి’ యని పేరు. ఎమిరేట్ల విధానము సరిగా దీనికి ప్రతిముఖము: అక్కడ ఇరుపక్షములు కూర్చుండు బల్ల లేదు, తీర్పరి మాత్రమే కలడు.

పూర్వరంగము

చమురు వెలువడుటకు పూర్వము ఈ తీరమున జీవనాధారము ముత్యముల వేట. ఓడనాయకుడు ఇచ్చిన అప్పు తీరువరకు మునుగువాడు అతనికే కట్టుబడి యుండు పద్ధతి ఆనాటిది. 1930ల నాటికి ప్రపంచ ఆర్థిక మాంద్యము, జపాను పెంపుడు ముత్యములు కలిసి ఆ వృత్తిని కూల్చివేసినవి. 1962లో అబూదాబి చమురు ఎగుమతి మొదలైనది. 1971 డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు కలిసి సమాఖ్యగా ఏర్పడగా, రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరిలో వచ్చి చేరెను. అదే 1972లో ఈ నూతన రాజ్యము అంతర్జాతీయ కార్మిక సంస్థయందు సభ్యత్వమును స్వీకరించినది.

1973 తరువాత చమురు ధర పెరిగిన కొలదియు రేవులు, రహదారులు, ఆకాశహర్మ్యములు లేచినవి. వానిని లేపుటకు దక్షిణాసియా నుండి శ్రామికులు లక్షలుగా వచ్చిరి. నేడు ఆ దేశ జనాభాలో పౌరులు ఇంచుమించు పదింట ఒక వంతు మాత్రమే. భారతీయులే 35 లక్షలకు పైబడియున్నారు. అతిథులు ఆతిథేయుల కంటె పలురెట్లు అధికముగానున్న ఇట్టి సమాజమున, సంఘముగా కూడు హక్కు కార్మిక ప్రశ్నగా మాత్రమే మిగులక, రాజ్యస్వరూపమునకు సంబంధించిన ప్రశ్నగా మారినది.

శాసన స్వరూపము

సమాఖ్య రాజ్యాంగము 33వ అధికరణమున, చట్టము యొక్క హద్దులలో సభలు జరుపుటకును సమాజములు స్థాపించుటకును స్వేచ్ఛ కలదని చెప్పుచున్నది. ఆ హద్దులను గీసిన శాసనములు సాంస్కృతిక, ధార్మిక, వృత్తి సమాజములకు చోటిచ్చినవి గాని, యజమానితో జీతముల బేరమాడు సంఘమునకు చోటీయలేదు. బలవంతపు చాకిరి, సమాన వేతనము, వివక్ష, బాలకార్మికత అను విషయములపై అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన మౌలికమైన ఒడంబడికలను ఎమిరేట్లు ఆమోదించినవి. సంఘస్వాతంత్ర్యమునకు సంబంధించిన 87వ, సామూహిక బేరమునకు సంబంధించిన 98వ ఒడంబడికలను మాత్రము ఆమోదింపలేదు.

ప్రైవేటు రంగమునకు 1980 నాటి 8వ సంఖ్య గల చట్టము నాలుగు దశాబ్దులు శాసనమై యుండెను. దాని స్థానమున 2021 నాటి 33వ శాసనము వచ్చి 2022 ఫిబ్రవరి 2 నుండి అమలులో నున్నది. నియామకపు ఖర్చులను యజమానియే భరింపవలెననియు, పనివాని పాస్‌పోర్టు మొదలగు పత్రములను దాచిపెట్టరాదనియు ఈ శాసనము విధించినది. ఇండ్లలో పనిచేయువారికి 2017లో తొలుత, 2022లో తిరిగి ప్రత్యేక శాసనములు వెలువడినవి. అనేక పనివారు కలిసి తెచ్చు తగవును ‘సామూహిక వివాద’మని శాసనము గుర్తించి, కార్మిక మంత్రిత్వశాఖకును, ఇందుకై ఏర్పడిన ప్రత్యేక సమితికిని అప్పగించుచున్నది. తగవు సామూహికమే, దానిని తెచ్చుటకు మాత్రము సమూహమునకు పేరు లేదు, పదవి లేదు, ఎన్నిక లేదు.

ప్రభుత్వోద్యోగులు

ఎమిరాతీ పౌరులలో ఉద్యోగస్థులైనవారు అధికముగా ప్రభుత్వ కార్యాలయములను, ప్రభుత్వపు పెట్టుబడి గల సంస్థలను ఆశ్రయించిరి. మంచి జీతము, పింఛను, తక్కువ పనిగంటలు వారికి పౌరసత్వముతో పాటు లభించిన భాగధేయముగా స్థిరపడినవి. అందుచే ప్రభుత్వోద్యోగికి జీతము పెరుగుట యనునది బేరసారముల ఫలము గాక పాలకుని ఔదార్యముగా ప్రకటింపబడును. 2011 చివర జాతీయ దినోత్సవ సమయమున అధ్యక్షుడు షేక్ ఖలీఫా సమాఖ్య ఉద్యోగుల జీతములను మిక్కిలిగా పెంచుచు ఆదేశించుట ఇందుకు నిదర్శనము.

సమాఖ్య ప్రభుత్వపు ఉద్యోగుల వ్యవహారములు 2008 నాటి 11వ శాసనమునకును, తరువాత దాని స్థానమున వచ్చిన 2022 నాటి 49వ శాసనమునకును లోబడియున్నవి. శిక్షకు గురియైన ఉద్యోగి ముందుగా తన కార్యాలయమునందలి ఫిర్యాదుల సమితికి మొరపెట్టుకొనవచ్చును. అక్కడ న్యాయము దొరకనిచో పైనున్న అభ్యంతరముల పరిశీలన సమితికి పోవచ్చును. మొర వినుటకు ఏర్పాటు చక్కగా నున్నది. కాని మొర ప్రతిసారియు ఒక్కనిదే. ముగ్గురు గాని, అంతకెక్కువ మంది గాని ప్రభుత్వోద్యోగులు తమలో తాము ఒప్పందము చేసికొని విధులు విడిచినచో కారాగారశిక్ష విధించునట్లు 1987 నాటి శిక్షాస్మృతి నిర్దేశించినది. ఒక్కడు అడిగిన ఫిర్యాదు, ముగ్గురు అడిగిన నేరము అను ఈ రేఖలోనే ఆ వ్యవస్థ తత్త్వమంతయు ఇమిడియున్నది.

వృత్తి సమాజములు ఈ రేఖకు దగ్గరగా వచ్చిన సందర్భమొకటి కలదు. 2011 మార్చిలో 133 మంది పౌరులు, సంపూర్ణముగా ఎన్నికైన శాసనాధికారము గల సమాఖ్య జాతీయ మండలిని కోరుచు అధ్యక్షునకు అర్జీ సమర్పించిరి. కొన్ని వారములకే న్యాయవాదుల సమాజము, ఉపాధ్యాయుల సమాజము సంస్కరణలను సమర్థించుచు గొంతు కలుపగా, సాంఘిక వ్యవహారముల మంత్రిత్వశాఖ ఆ రెండింటి ఎన్నికైన కార్యవర్గములను రద్దుచేసి తాను నియమించినవారిని వాని స్థానమున కూర్చుండబెట్టెను. ఉపాధ్యాయులు ప్రభుత్వ పాఠశాలల ఉద్యోగులు. వారి సమాజము జీతముల కొరకు పోరాడు సంఘము కాదు. ఐనను ఎన్నికైన కార్యవర్గము ఉన్నచో అది ఏదో యొకనాడు సభ్యుల మనసులోని మాట పలుకును. ప్రభుత్వము సంఘములను శంకించుటకును, ప్రజాస్వామికులు సంఘములను కోరుటకును కారణము ఆ ఒక్కటియే.

2006 నాటి వాగ్దానము

ప్రైవేటు రంగమున ఈ ప్రశ్న అందరి యెదుటకు వచ్చినది 2006 మార్చిలో. ఇపుడు బుర్జ్ ఖలీఫా యను పేర వెలసిన ప్రపంచోన్నత సౌధము అప్పటికింకను నిర్మాణములోనే యుండెను. దానిని కట్టుచున్న రమారమి 2,500 మంది శ్రామికులు, సాయంకాలము తమను శిబిరములకు చేర్చు బస్సుల ఆలస్యముతో మొదలై జీతముల అసంతృప్తితో రాజుకొనిన కోపమున కార్యాలయములను, వాహనములను ధ్వంసము చేసిరి. మరునాడు విమానాశ్రయపు నిర్మాణమున పనిచేయువారును పని నిలిపిరి. ఆ మాసాంతమున కార్మిక మంత్రి అలీ అల్ కాబీ, ఆ సంవత్సరాంతము లోపుగా సంఘములను అనుమతించు శాసనము రాగలదని ప్రకటించెను. అమెరికాతో స్వేచ్ఛావాణిజ్య ఒప్పందమును గూర్చిన సంభాషణలు అప్పుడు నడుచుచుండుటయు, వానియందు కార్మికుల హక్కులు చర్చకు వచ్చుటయు ఈ ప్రకటనకు నేపథ్యము.

వాగ్దానము శాసనము కాలేదు. 2006 సెప్టెంబరులోనే, సమ్మెలో పాల్గొన్న విదేశీ పనివారికి కనీసము ఒక సంవత్సరము ఉద్యోగమీయరాదని మంత్రిత్వశాఖ తీర్మానించెను. 2007 ఆరంభమున ప్రజాభిప్రాయమునకు విడుదలచేసిన ముసాయిదా చట్టమున సంఘముల ప్రసక్తియే లేకపోయెను. 2007 అక్టోబరులో జెబెల్ అలీలో సమ్మె హింసకు దారితీయగా, మరుసటి ఫిబ్రవరిలో దుబాయి న్యాయస్థానము 45 మంది భారతీయ కార్మికులకు ఆరేసి నెలల కారాగారశిక్షయు, ఆ పిదప దేశబహిష్కారమును విధించెను. 2007 నవంబరులోను, 2011లోను, 2013లోను వేలాదిగా కట్టడపు పనివారు మరల పని నిలిపిరి. ప్రతి పర్యాయమును కొందరు స్వదేశములకు పంపబడిరి.

2022 మే నెలలో ఈ కథ నూతన రూపమును దాల్చినది. డెలివరూ అను సంస్థ ఒక్కొక్క ఆర్డరుకు ఇచ్చు కూలిని 10.25 దిర్హముల నుండి 8.75కు తగ్గింపదలచగా, మోటారుసైకిళ్లపై అన్నపు పొట్లములు మోయు యువకులు దుబాయిలో పనికి రాక తమ గదులలోనే నిలిచిపోయిరి. వారికి సంఘము లేదు, నాయకుడు లేడు. చేతిలోని ఫోనులో వాట్సప్ సందేశములు మాత్రము కలవు. సంస్థ తన నిర్ణయమును విరమించుకొనెను. కొలది దినములకే తలబాత్ సంస్థ పనివారును అదే మార్గము త్రొక్కిరి. సంఘమును నిషేధించినంత మాత్రమున సంఘీభావము నశింపదని దీనివలన తేలినది. అయితే పేరును ముఖమును లేని సంఘీభావముతో యజమాని సంధి మాటలాడుటకు వీలుకలుగదు. లొంగుటయో, అణచుటయో రెండే దారులు మిగులును.

ఇరుపక్షముల వాదములు

ఎమిరేట్ల ప్రభుత్వము పక్షమున చెప్పబడు వాదములు మూడు. విదేశీ పనివారు కాలపరిమితి గల ఒప్పందముపై వచ్చినవారు, స్థిరనివాసులు కారు. కావున స్థిరమైన సంఘము వారికి ఉచితము కాదనునది మొదటిది. పౌరులు అల్పసంఖ్యాకులైన దేశమున పరదేశీయుల సంఘములు ఆయా దేశముల రాజకీయములకు స్థావరములు కాగలవనునది రెండవది. సంఘము చేయవలసిన పనిని రాజ్యమే వేగముగా, వ్యయము లేకుండ, పనివానికి శ్రమ లేకుండ చేయుచున్నదనునది మూడవది.

సంఘస్వాతంత్ర్యమును కోరువారు వీనికి సమాధానములు చెప్పుచున్నారు. మనుష్యుడు మారినను క్యాంపులో అతడు విడిచిన మంచమున మరొక మనుష్యుడు చేరుచునే యున్నాడు, కావున పనివారు తాత్కాలికులైనను పని శాశ్వతమే. రాజకీయములను నిషేధించి జీతములను గూర్చి మాత్రమే మాటలాడు సంఘమునకు అనుమతి నీయవచ్చును. ఇక మూడవ వాదమే అన్నింటికంటె బలమైనది, ఏలయన అది వాదము మాత్రమే కాదు. కంటికి కనబడు ఏర్పాట్ల రూపమున నున్నది. దానిని దగ్గరగా చూడక తీర్పు చెప్పరాదు.

సంఘమునకు బదులు రాజ్యము

2009లో ప్రవేశపెట్టిన వేతన రక్షణ వ్యవస్థ ఈ ఏర్పాట్లకు మూలస్తంభము. సంస్థలు జీతములను చేతికీయక, బ్యాంకుల ద్వారా గాని, ఎక్స్చేంజి కార్యాలయముల ద్వారా గాని చెల్లింపవలెను. ఆ చెల్లింపు వివరము ప్రభుత్వపు లెక్కలోనికి పోవును. జీతము నిలిపిన సంస్థకు క్రొత్త వర్కు పర్మిట్లు ఆగిపోవును. వేసవి మధ్యాహ్నములలో ఎండలో పనికి నిషేధము 2005లో మొదలైనది; ఇపుడది ప్రతి యేట జూను 15 మొదలు సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నము 12:30 నుండి 3:00 గంటల వరకు వర్తించును. 2023 జనవరి నుండి ఉద్యోగము కోల్పోయినవారికి బీమా ఏర్పడినది: అల్పజీతము గలవాడు నెలకు అయిదు దిర్హములు కట్టినచో, కొలువు పోయినపుడు మూల వేతనములో 60 శాతము గరిష్ఠముగా మూడు నెలలు పొందును.

తగవు నడుచు విధము గమనింపదగినది. దుబాయిలోని సోనాపూరు లేబర్ క్యాంపులో ఒక గదిలో అంతస్తుల మంచములపై పడుకొను ఒక తాపీపనివానికి రెండు నెలల జీతము రాలేదనుకొందము. పూర్వమైనచో అతడు ఫోర్‌మన్‌ను బ్రతిమాలవలెను, లేక క్యాంపు బాసును ఆశ్రయింపవలెను. ఇపుడతడు రాత్రి వంటగదిలో తన వంతు పొయ్యి కొరకు నిలిచియుండగానే 80084 సంఖ్యకు ఫోను చేయవచ్చును, లేక మంత్రిత్వశాఖ యాప్‌లో ఫిర్యాదు వ్రాయవచ్చును. అధికారి ఇరుపక్షములను పిలిచి పదునాలుగు దినములలో రాజీకి యత్నించును. 2024 జనవరి 1 నుండి, తగవు విలువ 50 వేల దిర్హములకు మించనిచో మంత్రిత్వశాఖ తానే తుదినిర్ణయము చేసి అమలుపరుపవచ్చును. అంతకు మించినది న్యాయస్థానమునకు పోవును; లక్ష దిర్హములకు మించని వ్యాజ్యమునకు పనివాడు కోర్టు రుసుము చెల్లింపనక్కరలేదు. ఏళ్ల తరబడి కార్మిక న్యాయస్థానముల చుట్టు తిరిగిన మన దేశపు పనివాడు ఈ వేగమును చూచి ముచ్చటపడుట సహజము. ఈ ప్రశంస న్యాయమైనది, దానిని తక్కువచేయరాదు.

కాని ఆ గదిలోని మిగిలిన మంచముల మాట యేమి? రాని జీతమును రప్పించుటకు మార్గము కలదు. చాలని జీతమును పెంచుమని అడుగుటకు మార్గము లేదు. ఒప్పందమును ఉల్లంఘించినపుడు ఫిర్యాదు చేయవచ్చును. ఒప్పందమును వ్రాయునపుడు ప్రక్కన కూర్చుండువాడు లేడు. అన్నము బాగులేదని, బస్సు ఆలస్యమగుచున్నదని, కొత్త ఫోర్‌మన్ నోరు మంచిది కాదని చెప్పుకొనుటకు ఏ యాప్‌లోను గడి లేదు. ఇట్టి చిన్న విషయములే కూడి 2006 మార్చి సాయంకాలమున నిప్పంటుకొనినది.

తెలుగు శ్రామికులు

తెలుగునేల నుండి ఎమిరేట్లకు పోవు శ్రామికులలో పూర్వపు కరీంనగరు, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల వారు ముఖ్యులు. ఆంధ్రప్రదేశమున కడప సీమ నుండియు, గోదావరి జిల్లాల నుండియు ఇంటిపనికై స్త్రీలును గల్ఫునకు పోవుచున్నారు. ఏజెంటుకు కట్టిన సొమ్ముకై తెచ్చిన అప్పు వడ్డీతో పెరుగుచుండుట వలన, మొదటి సంవత్సరపు జీతము అప్పు తీర్చుటకే చాలక, యజమాని మారుటకు ధైర్యము చాలదు. యజమాని పేరు కాగితమునకే పరిమితమైన ‘ఆజాద్ వీసా’పై పోయి కాగితములు చెడినవానిని ‘ఖల్లివల్లి’ యని తోడివారు పిలుతురు. అట్టివాడు ఫిర్యాదు చేయబోయినచో ముందుగా తన నేరమును తానే ఒప్పుకొనినట్లగును. 2007, 2012–13, 2018, 2024 సంవత్సరములలో ఎమిరేట్లు ప్రకటించిన క్షమాభిక్షలు ఇట్టివారికి ఇంటిదారిని చూపినవి.

వీరి పక్షమున మాటలాడు సంస్థలు లేకపోలేదు. భారత రాయబార కార్యాలయముల యందు 2009 నుండి సముదాయ సంక్షేమనిధి కలదు. 2010లో దుబాయిలో భారతీయ కార్మికుల వనరుల కేంద్రము తెరువబడినది. తెలుగు సాంస్కృతిక సమాజములు ఉగాదిని, బతుకమ్మను జరుపుటతో పాటు, ఆపదలో నున్నవారికి తోడ్పడుచున్నవి. కాని చందాలు వసూలుచేయుటకు సైతము అనుమతి పొందిన సంస్థలకే అధికారము గల దేశమున వాని హద్దులు స్పష్టమే. గదిలో మరణించిన తోడివాని దేహమును ఊరికి పంపుటకు పదిమంది చేయి కలుపుట మానవధర్మము. దానిని శాసనబద్ధముగా చేయుటకు ఒక సంఘము వారికి లేదు.

అందువలన తెలుగు శ్రామికుని గొంతు దుబాయిలో గాక హైదరాబాదులో వినబడుచున్నది. 2020 సెప్టెంబరులో భారత ప్రభుత్వము గల్ఫు దేశములకు పోవువారి కనీస సూచిత వేతనములను 30 నుండి 50 శాతము వరకు తగ్గింపగా, ప్రవాసుల సంక్షేమ వేదిక అధ్యక్షుడు మంద భీమరెడ్డి తెలంగాణ హైకోర్టున ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసెను. శ్రామికుల పక్షము వారు గట్టిగా పట్టుపట్టగా 2021 జూలైలో కేంద్రము ఆ తగ్గింపును ఉపసంహరించుకొనెను. గల్ఫులో మరణించినవారి కుటుంబములకు అయిదేసి లక్షల రూపాయల సహాయమును తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తరువు ద్వారా ఏర్పరచెను. ఆంధ్రప్రదేశ ప్రవాసాంధ్రుల సంస్థ బీమా పథకమును నడుపుచున్నది. పని అచ్చట, పనివాని మాట ఇచ్చట అను ఈ విచిత్రస్థితి సంఘము లేనందున కలిగినదే.

పొరుగు దేశములు

గల్ఫు దేశములన్నియు ఒక్క త్రోవన నడుచుట లేదు. కువాయిటు 1960ల నుండి సంఘములను అనుమతించినది; 2016 ఏప్రిలులో అక్కడి ప్రభుత్వ చమురు సంస్థల ఉద్యోగులు మూడు దినములు సమ్మె చేయగా ఉత్పత్తి సగమునకు పైగా పడిపోయినది. బహ్రెయిను 2002లో సంఘముల చట్టము చేసినది గాని, ప్రభుత్వ కార్యాలయముల ఉద్యోగులను వెలుపలనే ఉంచినది. ఒమాను 2006లో సంఘములకు దారి తెరచినది. సౌదీ అరేబియాలో సంఘములు లేవు, స్వదేశీయులు వందకు పైగా గల సంస్థలలో కార్మిక సమితులు మాత్రము 2001 నుండి ఉండవచ్చును. కతారు ప్రపంచకప్పునకు సిద్ధమగుచు, అంతర్జాతీయ కార్మిక సంస్థ సహకారముతో, విదేశీ పనివారు ఓటువేసి ఎన్నుకొను సంయుక్త సమితులను కంపెనీలలో నెలకొల్పినది. ఈ సమితి సంఘము కాదు. ఐనను రాచరికము సడలకుండ, వీసా పద్ధతి తలక్రిందులు గాకుండ, ఓటు అను వస్తువు లేబర్ క్యాంపులోనికి ప్రవేశింపగలదని అది నిరూపించినది.

బొగ్గుబాయి నుండి దుబాయి వరకు

సింగరేణిలో 1998 నుండి గుర్తింపు సంఘపు ఎన్నికలు జరుగుచున్నవి. సంస్థ మొత్తమున అధికసంఖ్యలో ఓట్లు పొందినది ‘గుర్తింపు సంఘము’, ఒక్కొక్క ఏరియాలో అధికముగా పొందినది ‘ప్రాతినిధ్య సంఘము’. 2023 డిసెంబరు 27న ఇంచుమించు 40 వేల మంది ఓటర్లుగా గల ఎన్నికలో ఏఐటీయూసీ గుర్తింపును గెలుచుకొనెను. షిఫ్టు దిగి, ముఖమున బొగ్గు మసి కడుగుకొనకుండనే వరుసలో నిలిచి, మడత పెట్టిన కాగితమును పెట్టెలో వేసి పోవు కార్మికుడు, ఆ సంఘము తరువాత తనను నిరాశపరచినను, నాలుగేండ్లకో అయిదేండ్లకో మరల ఆ పెట్టె యెదుటకు వత్తునని యెరుగును.

మన సంఘములు దోషరహితములని చెప్పుట సత్యము కాదు. అవి పార్టీల నీడలో పెరిగినవి. నాయకుల పైరవీలకు, చీలికలకు లోనైనవి. 2019 అక్టోబరు 5 నుండి 52 దినములు సాగిన తెలంగాణ ఆర్టీసీ సమ్మెలో దాదాపు 48 వేల మంది కార్మికులు పాల్గొని, సమ్మె విరమించిన పిమ్మట, ప్రభుత్వము సంఘముల స్థానమున సంక్షేమ సమితులను ప్రవేశపెట్టెను. అనగా ఎమిరేట్ల తర్కము గల్ఫు తీరమునకే పరిమితము కాదు. సంఘము విసిగించినపుడెల్ల ఏ ప్రభుత్వమైనను సంక్షేమమును చూపి ప్రాతినిధ్యమును ప్రక్కకు నెట్టుటకు మొగ్గు చూపును. ఆర్టీసీ కార్మికుడు దీనిపై వీధిలో, కోర్టులో, ఎన్నికలో తన అసమ్మతిని చెప్పగలిగెను. దుబాయి బస్సు డ్రైవరునకు ఆ మూడు తావులలో కోర్టు ఒక్కటియే కలదు, అదియును ఒంటరిగా.

ఎమిరేట్లు తమ పనివారికి గత ఇరువది యేండ్లలో సమకూర్చిన రక్షణము గణనీయమైనది, పలు దేశములు నేర్చుకొనదగినది. ఆ రక్షణపు కడపటి ఇటుక మాత్రము ఇంకను పెట్టవలసియున్నది. అది పెద్ద విప్లవము కాదు: సంస్థకొక ఎన్నికైన సమితి, క్యాంపునకొక ఎన్నికైన ప్రతినిధి, మాటలాడిన ప్రతినిధికి వీసా భద్రత. భారత ప్రభుత్వము ఎమిరేట్లతో శ్రామిక ఒప్పందములు పునరుద్ధరించునపుడెల్ల ఈ మూడింటిని అడుగునట్లు చేయవలసినవారు, తమ బిడ్డలను అంత సంఖ్యలో అచ్చటికి పంపుచున్న తెలుగు రాష్ట్రములవారు. గిరి జెనీవాకు పోయినది తీర్పు కోరుటకు కాదు, మనవారి మాటను మనవారే చెప్పుటకు. సింగరేణి అన్నకు అబ్బిన ఆ మడత కాగితము సోనాపూరు తమ్మునికిని అందిన నాడు, ‘బొగ్గుబాయి, దుబాయి’ అను మాటలు పలుకుటలోనే గాక బ్రతుకులోను సరితూగును.